ఆఖరి ఆట, అవ్వతోడు

నా గొంతు మంచిదని ఎవరూ అనలేదు. పెద్దదని మాత్రం బోధన్ నుంచి రెంజల్ దాకా అందరూ ఒప్పుకునేవారు. మెట్రిక్ పాసై, నౌకరీ కోసం నిజామాబాద్ కచేరీల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, చివరికి బోధన్‌లో ఒక టాకీసులో కుదురుకున్నాను. టాంగాకు రెండు వైపులా పోస్టర్లు కట్టుకొని, మైకు పట్టుకొని, ఊరూరా తిరుగుతూ సినిమా గురించి అరవడం నా పని. మైకు బ్యాటరీ సగం ఊళ్లకే సరిపోయేది. తక్కిన సగం ఊళ్లకు ఉత్త గొంతుతోనే పోయేవాణ్ణి.

మామూలు రోజుల్లో ఇది పిల్లాట. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడే చలికాలం వస్తేనే తిప్పలు. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ కాటా దగ్గర్నుంచి ఊరి బయటి దాకా లైను కట్టేవి. ఒక్కో బండికి రెండు రోజులు పట్టేది. వంట అక్కడే, పడక అక్కడే. బండి దగ్గర మనిషి లేకపోతే వెనకబండి ముందుకు జరుగుతుంది, ఇక అరిచి మొత్తుకున్నా లాభం లేదు. అలాంటి రైతును బండి వదిలి సినిమాకు రమ్మంటే తంతాడు గాని వస్తాడా?

మా సేటుకు దానికీ ఒక మందు తెలుసు. ‘ఆఖరు’ అన్న మాట. పాంప్లెట్ల మీద ఎర్ర అక్షరాలతో కొట్టించేవాడు: ఇదే ఆఖరి ప్రదర్శన, ఇక ఈ చిత్రం మీ ప్రాంతానికి రాదు.

ఆ మాటకు నేను సొంతంగా ఒక తోక తగిలించాను. ఒక ఊళ్లో చాయ్ హోటలు ముందు అరుస్తుంటే ఎవరో పెద్దమనిషి, “మీరు గిట్లనే అంటరు తీయ్” అని నవ్వాడు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది ఆ వయసులో. “మల్లరాదు, మా అవ్వతోడు!” అనేశాను. ఆయన నవ్వు ఆగిపోయింది. పక్కనున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. ఆ సాయంత్రం ఆ ఊరి నుంచి నాలుగు బండ్ల జనం వచ్చారు. ఇంకేముంది, అప్పట్నుంచి ప్రతి ఊళ్లో అవ్వతోడే.

మావైపు తల్లి మీద ఒట్టంటే ఆషామాషీ కాదు. అబద్ధమైతే పెట్టినవాడికేమీ కాదు, తల్లికి తగులుతుందని నమ్మకం. మెట్రిక్ పాసైనవాణ్ణి, ఇలాంటివి నాకేం పట్టవనుకున్నాను. ఇంట్లో మా అవ్వకు మాత్రం చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో కూడా ఆలోచించలేదు.

అసలు సంగతి ఇంకొకటుంది. అప్పుడు ఆడుతున్నది దేవుళ్ల సినిమా. దాని ఫిల్ము డబ్బాలు తెచ్చిన డిస్ట్రిబ్యూటర్ మనిషి హోటల్లో చాయ్ తాగుతూ నాతో, “ఉగాదికి గిదే డబ్బా మల్ల తెస్త. మీ సేటుతోని మాటైపోయింది” అన్నాడు. నేను విన్నాను. ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకొని తిన్నాను. మర్నాడు పొద్దున టాంగా ఎక్కి, చెరుకు బండ్ల లైను పక్కనుంచే పోతూ, “మల్లరాదు, అవ్వతోడు!” అని అరిచాను.

జనం విరగబడి వచ్చారు. ఉగాదికి సినిమా కూడా వచ్చింది. సేటు కొత్త పోస్టరు మీద ‘ప్రేక్షకుల కోరికపై’ అని రాయించాడు. నాకు తెలిసి కోరినవాడు ఆయనొక్కడే.

ఊళ్లలో నన్ను చూసి నవ్వారు. “ఏమయా, ఆఖరన్నవ్ గద?” అంటే, “మీ మీద పావురంతోని, ప్రేమతోని మల్లొచ్చింది” అని నేనూ నవ్వాను. ఒక్క రైతు మాత్రం నవ్వలేదు. రెంజల్ వైపు ఊరాయన. తలకు రుమాలు, కాళ్లకు చెరుకు తోట బురద, నేరుగా టాకీసుకు వచ్చి సేటు ముందు నిలబడ్డాడు.

“మీ మనిషి ఒట్టేసి చెప్పిండు. అబద్ధమైంది. గదే నోటితోని, గవే ఊర్లల్ల, అబద్ధమని చెప్పాలె” అన్నాడు.

“టికెట్ కావాల్నంటె తీస్కో. లేకుంటె నడువు” అన్నాడు సేటు.

ఆయన నడిచాడు. నడిచి సరాసరి కోర్టు దగ్గర ఒక వకీలు ఇంటికి పోయాడు. వారం తిరక్కుండా రిజిస్టర్ పోస్టులో నోటీసు దిగింది. ఆఖరని నమ్మించి టికెట్లమ్మడం దగా అనీ, పదిహేను రోజుల్లో బహిరంగంగా తప్పు ఒప్పుకోకపోతే ఫిర్యాదు చేస్తామనీ, టాకీసు లైసెన్సు రెన్యూ చేయొద్దని కలెక్టరుకు అర్జీ పెడతామనీ అందులో ఉంది. లైసెన్సు గడువు సరిగ్గా ఆ నెలాఖరుకే. సేటు మొహంలో నెత్తురుచుక్క లేదు. లైసెన్సు పోతే ఆయనా, నేనూ, గేటు దగ్గరి మనిషీ అందరం రోడ్డు మీదే.

ఇద్దరం బస్సెక్కి నిజామాబాద్‌లో సేటు వకీలు దగ్గరికి పోయాం. ఆయన నోటీసు రెండుసార్లు చదివి, కళ్లజోడు తీశాడు.

“చూడు సేట్, ఆఖరని చెప్పి మల్ల ఆడించుడు నేరం కాదు. రేపేమైతదో ఎవనికెరుక? ఖానూన్ అడిగేది ఒక్కటే. ఆఖరని చెప్పిననాడు, మల్లొస్తదని నీకు తెలుసా, తెల్వదా? తెల్వకుంటె అది పొరపాటు. తెలిసే చెప్పి, జనం నమ్మి టికెట్ కొంటె మాత్రం దగా. చార్ సౌ బీస్.”

సేటు నావైపు చూశాడు. నేను పైకప్పు ఫ్యాను వైపు చూశాను.

“నాకేం తెల్వదు సాబ్, చెప్పిందంత గీ పోరడే” అన్నాడు సేటు.

“మరి నీకు?” అన్నాడు వకీలు నాతో. నేను జవాబు చెప్పేలోపే గుమస్తాను పిలిచి, ‘ఈ చిత్రం తిరిగి వచ్చునని ఆనాడు నాకు తెలియదు’ అని నా పేర ఒక కాగితం రాయించాడు. కింద నా సంతకం కోసం గీత గీశారు. “ఇంకోమాట. మైకుల ఒప్పుకుంటనని మాత్రం పోకు. ఊరూరంత సాక్షులైతరు. అప్పుడు నీ మీద కేసు నువ్వే నడిపించినట్టు” అని హెచ్చరించాడు.

ముందుముందు కోసం ఒక కొత్త ప్రకటన కూడా రాసిచ్చాడు. ‘పంపిణీదారుల నిర్ణయానికి లోబడి, యాజమాన్యమునకు తెలిసినంత మేరకు, ప్రస్తుతమునకు ఇదియే ఆఖరి ప్రదర్శన.’

“వకీల్ సాబ్, గిది సదివితె టాంగ గుర్రం గూడ నిలవడే నిద్రపోతది” అన్నాను. ఆయన నవ్వలేదు. ఫీజు పుచ్చుకున్న పెద్దమనిషి, ఎందుకు నవ్వుతాడు?

ఎందుకో అప్పుడు సంతకం పెట్టలేదు. ముందు ఆ రైతును సముదాయించి చూస్తానన్నాను. సేటుకూ అది నచ్చింది. కాగితం మడిచి జేబులో పెట్టుకొని మర్నాడు ఆయన ఊరికి పోయాను.

ఆయన వాకిట్లో కాడి సరిచేసుకుంటున్నాడు. “పటేలా, జర మాట్లాడుదామని వచ్చిన” అన్నాను, నాకు చేతనైనంత మెత్తగా.

“నాకు సినిమతోని పనిలేదు, తమ్మీ. మా అవ్వతోని మాట్లాడు. ఆమెతోనే నాకు పరేషాన్” అని చేత్తో చూపించాడు.

ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఎండబోస్తున్న ముసలమ్మ నడుం మీద చెయ్యి వేసుకొని లేచింది. నన్ను పోల్చుకుంది. గొంతు విన్నాక పోల్చుకోకపోవడం ఎవరి తరం? తిడుతుందనుకున్నాను. ఆమె దగ్గరికి వచ్చి నా మొహంలోకి చూసి అడిగిన మొదటి మాట ఇది.

“మీ అవ్వ మంచిగున్నదా, బిడ్డా?”

నాకేమీ అర్థం కాలేదు. ఉన్నదన్నాను. ఆమె గట్టిగా ఊపిరి వదిలింది.

“చలికాలంల నేను బండ్ల లైన్ల ఉన్న. నువ్వు పక్కపొంటి పోవుకుంట అవ్వతోడన్నవ్. అవ్వ మీద ఒట్టేసినోడు అబద్ధమాడడని, కొడుకును కోడల్ని నేనే తోలిచ్చిన. ఆఖరంట, పోయి సూసి రండి, బండి కాడ నేనుంట అన్న. ఇప్పుడు గది మల్లొచ్చెనాయె. గప్పటి నుంచి నాకు ఒక్కటే రంది. ఆ తల్లి యాడున్నదో, ఆమెకేమైతదో అని. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాలె, బిడ్డా. పెట్టిన నోరే తియ్యాలె. పెట్టిన కాడనే తియ్యాలె.”

“పది దినాలాయె, బుక్కెడు బువ్వ సక్కగ తింటలేదు. మీ సేటు కాడికొస్తె నడువుమన్నడు. వకీలు కాడికి పోయి, గీ ముచ్చట చెప్పిన. గాయన చార్ సౌ బీస్ అని రాసిండు. నాకేమెరుక?” అన్నాడు కొడుకు.

ఉగాదికి ముందు మా అవ్వ వాకిట్లో జారిపడి మణికట్టు వాపెక్కింది. పాకురు వల్లే అని నేనే చెప్పాను, పసుపు పట్టు వేశాను. పాకురే కావచ్చు. అయినా ఆ వాకిట్లో నాకు ఆ వాపే గుర్తొచ్చింది. ఎవరో, పేరు కూడా తెలియని ముసలమ్మ మా అవ్వ కోసం అన్నం మానేసింది. కడుపున పుట్టిన నేను మా అవ్వను పోస్టరు మీద అంటించి ఊరూరా తిప్పాను. సిగ్గుతో చచ్చిపోయాను. మెట్రిక్ చదువు ఒక్క ముక్క అక్కరకు రాలేదు.

జేబులోని కాగితం బయటికి తీయలేదు. మర్నాడు పొద్దున సేటుకు చెప్పకుండా టాంగా కట్టించాను. మొదట ఒట్టేసిన ఊళ్లో చాయ్ హోటలు ముందే ఆపించి, మైకు అందుకున్నాను.

“చలికాలంల నేను మల్లరాదని చెప్పిన సినిమ మల్లొచ్చింది! వస్తదని నాకు ఎరుకే! తెలిసే అబద్ధం చెప్పిన! మా అవ్వ మీద పెట్టిన ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్న!”

ఎవరో, “గట్లనా! మరి ఇంకెన్ని దినాలుంటది సినిమ?” అని అడిగాడు. ఒక ఆడమనిషి బిందె దించి, “మంచి పని చేసినవ్ కొడుకా” అంది. ఊరూరా ఇదే పాట. మరాఠీ మాట్లాడే సరిహద్దు ఊళ్లలో నాకొచ్చిన ముక్కల మరాఠీలో కూడా ఒప్పుకున్నాను. ఫ్యాక్టరీ రోడ్డు మీదికి వచ్చేసరికి బ్యాటరీ అయిపోయింది. చలికాలంలో బండ్ల లైను నిలిచిన చోట గొంతుతోనే చెప్పాను.

నాకంటే ముందే కబురు టాకీసుకు చేరింది. సేటు గేటులోనే నిలబడ్డాడు. “లైసెన్సు పోతె మీ అవ్వ ఇస్తదారా?” అని అరిచి, మైకు లాక్కొని, పనిలోంచి తీసేశాడు. ఆయనది తప్పనను. పన్నెండు ఊళ్ల సాక్షుల్ని నా చేతులారా తయారుచేసి వచ్చాను మరి. రైతు మాత్రం ఆ మర్నాడే వకీలుతో నోటీసు వాపసు రాయించి పంపాడు. నెలాఖరుకు లైసెన్సు వచ్చింది. ఈలోగా సేటు నన్ను వెనక్కి పిలిపించాడు, దయతో కాదు. కొత్తగా పెట్టుకున్నవాడు ఏం చెప్పినా జనం, “ఒట్టు తీసినాయన చెప్తెనే వస్తం” అంటున్నారట.

ఆ పని లేని పది రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆటకు ముసలమ్మను కొడుకు బండి మీద తీసుకొచ్చాడు. బండి కాపలా కాసి సినిమా పోగొట్టుకున్న మనిషి కదా, నేనే కబురు పెట్టాను. మా అవ్వను కూడా తీసుకుపోయాను. నేల టికెట్టుకే ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఇంటర్వెల్ అయ్యేలోపు ముసలమ్మ మొత్తం చెప్పేసింది. మా అవ్వ వెనక్కి తిరిగి, బాగున్న చేత్తో నా చెవి మెలిపెట్టింది. “ఒట్టుకు నేనే దొరికిన్నారా నీకు? మీ సేటు మీద ఏస్కోకపోయినవా?”

సినిమా అయిపోయింది. ముసలమ్మ కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చి, గోడ మీది దేవుడి పోస్టరుకు దండం పెట్టింది. బండి ఎక్కబోతూ ఆగి నన్ను పిలిచింది.

“గిది మల్లొస్తదా, బిడ్డా?”

వకీలు రాయించిన కాగితంలో నేను సంతకం పెట్టలేకపోయిన మాట అప్పుడు నోట్లోంచి దానంతటదే వచ్చింది.

“తెల్వదవ్వా” అన్నాను.

ముసలమ్మ మా అవ్వ వైపు చూసింది. నిజమే చెప్తున్నాడన్నట్టు మా అవ్వ తల ఊపింది. అప్పుడుగాని ఆమె బండి ఎక్కలేదు.