పగలు చెప్పిన సగం కథ

నా నోటుపుస్తకంలో ఒక కథ వాక్యం మధ్యలో ఆగిపోయి ఏడాది పైనే అయింది. “అప్పుడు చిన్నకోడలు బొక్కెన బావిలోకి వదిలి” అని ఉంది. ఆ తర్వాత ఒక మరక తప్ప పేజీ అంతా తెల్లగా ఉంది.

ఆ పుస్తకం మామ ఇచ్చాడు. మామ అంటే అమ్మకు తమ్ముడు. తాత పోయాక అవ్వా, ఆయనా మా ఇంటికే వచ్చేశారు. హుజూర్‌నగర్‌కు ఆమడ దూరంలో ఉంది మా ఊరు. ఊరి బడిలో ఉర్దూ చెప్పేవారు, అదీ మగపిల్లలకే. నాకు తెలుగు అక్షరాలు మామే ఇసుక పోసి దిద్దించాడు. రాయడం వచ్చాక అవ్వ చెప్పే కథలన్నీ పుస్తకంలోకి ఎక్కించాలనుకున్నాను. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. పుస్తకంలో మాత్రం ఎంతైనా మాట్లాడేదాన్ని.

అవ్వ దీపం పెట్టాకే కథ చెప్పేది. పగలు చెబితే మేనమామ తోవ తప్పుతాడని మావాళ్ల నమ్మకం. అయితే ఆ రోజుల్లో తుపాకులవాళ్లు ఏ ఊరి మీద ఎప్పుడు పడతారో తెలియక, పొద్దు గూకగానే దీపాలు ఆర్పేసేవాళ్లం. చీకట్లో వినగలను గానీ రాయలేను. అందుకని ఒక మధ్యాహ్నం అవ్వను పట్టుకుని వదల్లేదు.

“పట్టపగలు కథేందే పొల్లా? మీ మామ తొవ్వ తప్పుతడు.”

“మామ ఇంట్లనే ఉన్నడు గద అవ్వా. యాడికి తప్పుతడు?”

అరుగు మీద తాడు పేనుతున్న మామ నవ్వాడు. “చెప్పరాదే అమ్మా. నా కోడలు వదిలేటట్టు లేదు.”

అవ్వ ఉప్పుబావి కథ ఎత్తుకుంది. ఊరి మీద అలిగిన బావి తన నీళ్లను ఉప్పగా చేసుకుంటుంది. పెద్దలు బతిమాలినా, మొక్కులు మొక్కినా వినదు. చివరికి ఎవరితోనూ మాట్లాడని చిన్నకోడలు బావి దగ్గరికి వెళుతుంది. కథ అక్కడికి వచ్చేసరికి బాపు చేనిలోంచి పరుగున వచ్చాడు. పక్క ఊళ్లో తుపాకులవాళ్లు పడుచు మగవాళ్లను పట్టుకుపోతున్నారట. మామ నాలుగు రొట్టెలు మూటకట్టుకుని, కృష్ణ దాటి పోతానని అప్పటికప్పుడే బయల్దేరాడు. మూడు రోజుల్లో కబురు పంపుతానన్నాడు.

మూడు నెలలైనా కబురు రాలేదు.

అవ్వ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. రాత్రిపూట కూడా కథలు చెప్పడం మానేసింది. సోదాల్లో రాత కాగితం దొరికితే ఇంటిల్లిపాదినీ కొడతారని బాపు నా పుస్తకాన్ని పొయ్యిలో పెట్టబోయినప్పుడు మాత్రం, ఆయన చేతిలోంచి లాక్కుంది. జొన్నలు నిలవచేసే గొయ్యిని మేం పాతర అంటాం. గింజలు నింపి పైన మట్టితో మూసేస్తారు. ఆ ఏడు జొన్నల నడుమ నా పుస్తకం కూడా పడుకుంది.

యూనియన్ మిలిటరీ వచ్చి తుపాకులవాళ్ల పీడ వదిలాక పాతర తీశారు. లోపలి ఆవిరి పోవడానికి ఒక పూట ఆగి, బాపు దిగి పుస్తకం పైకి అందించాడు. వేడికి అట్ట వంగిపోయింది గానీ పెన్సిల్ రాత చెక్కుచెదరలేదు. దాన్ని బట్టల అడుగున దాచేశాను. ఒక్కసారి మాత్రం, మిగతా కథ నేనే రాద్దామని కూర్చున్నాను. చిన్నకోడలు ఏం మాట్లాడినా బావిని మామ ఏడని అడుగుతున్నట్టే వచ్చింది. తడి వేలితో రుద్దేశాను. ఆ మరక ఇంకా ఉంది.

కందులు పూతకొచ్చిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం, మామ గడ్డంతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అవ్వ ఆయన ముఖమంతా తడిమి చూసింది. తర్వాత ఏడుస్తూనే పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చేసింది.

“రెండుసార్లు కబురు పంపిన. మీకు అందలేదా?” అని మామ తింటూ చెప్పసాగాడు. “ఆ దినం పుట్టి ఎక్కినమా, నడి ఏట్ల గాలి మర్లింది. పోవాల్సిన రేవు ఇడిసిపెట్టి రెండు కోసులు కిందికి కొట్టుకపోయినం. ఏ ఊరో ఎరుక లేదు. తొవ్వ తప్పిన పో.”

అవ్వ చేతిలో పిండిముద్ద ఆగిపోయింది. నేను తలుపు చాటుకు జరిగాను.

“నేను జెప్పలేదా?” అంది అవ్వ నావైపు చూసి.

ఆయన పోయాక అవ్వ కథలు మానేసిన సంగతంతా అమ్మ మామకు చెప్పింది. మామ పొలమారేదాకా నవ్వాడు. “ఓ అమ్మా, తప్పబట్టే బతికిన. మేం దిగాల్సిన రేవుల ఆ దినమే తుపాకులోళ్లు ఏరు దాటొచ్చి కాపలా కూసున్నరట. సక్కగ పోయుంటే సక్కగ వాళ్ల చేతుల పడుతుంటి.”

అవ్వ పిండి చేతులు కొంగుకు తుడుచుకుని నావైపు చెయ్యి చాచింది.

“తే పొల్లా, నీ బుక్కు తే.”

“ఇంకా పొద్దున్నది గద అవ్వా.”

“మామ కండ్ల ముందరున్నడు. తప్పితే వంటింటి తొవ్వ తప్పాలె. అది మాత్రం వాడు తప్పడు.”

మామ కొడవలితో పెన్సిల్ చెక్కి ఇస్తూ పుస్తకంలోకి తొంగిచూశాడు. “గీ కోడిగీతలు నేనే నేర్పిన్నా కోడలా?”

“ఔ మామా, నువ్వే.”

అందరూ నవ్వారు. నా రాతను మొదటిసారి పైకి చదివాను. “అప్పుడు చిన్నకోడలు బొక్కెన బావిలోకి వదిలి.”

అవ్వ కళ్లు మూసుకుంది. “యాదికొస్తలేదే” అంది నెమ్మదిగా.

నేను పుస్తకం మూయబోయాను.

“తాడు తెగింది కావచ్చు” అన్నాడు మామ.

“కొత్త తాడు ఎట్ల తెగుతదిరా? నోరు మూసుకోని తిను. నువ్వు చెప్పవే, నువ్వే గద రాసేది.”

అందరూ నావైపు చూశారు. పుస్తకం లోపలికి చూస్తూ అన్నాను. “చిన్నకోడలు ఏం మాట్లాడది. ఊకె కూసుంటది. బావే మాట్లాడుతది.”

“ఏమని?”

“ఊరోళ్లందరి మీద చాడీలు చెప్తది. ఎవరు రాళ్లేసిండ్రు, ఎవరు ఉమ్మేసిండ్రు, అన్నీ. చెప్పుకొని చెప్పుకొని దాని నోరు తియ్యగైతది.”

అవ్వ పళ్లు లేని నోటితో పకపకా నవ్వింది. “ఔ. మా అమ్మ గట్లనే జెప్పింది. ఇప్పుడు యాదికొచ్చింది. రాయి.”

వాళ్లమ్మ అట్లా చెప్పలేదని నాకు తెలుసు. అయినా అట్లాగే రాశాను. అక్కణ్నించి అవ్వ ఆగలేదు. మా ఊళ్లో ఆమెకు గిట్టనివాళ్లందరూ ఒక్కొక్కరే ఉప్పుబావి చాడీల్లోకి వచ్చేశారు. బావి సగం ఊరిని తిట్టేలోపే మామ గోడకు ఆనుకుని నిద్రపోయాడు.

పొద్దు గూకేసరికి నాలుగు పేజీలు నిండాయి. అమ్మ దీపం వెలిగించి తెచ్చి నా పక్కన పెట్టింది. ఆర్పమని ఎవరూ అనలేదు.