కోరం కుదిరిన సాయంత్రం

ఆ రోజుల్లో ఇంజనీరంటే పెళ్లిళ్ల పేరయ్యలకు ఎక్కడలేని గౌరవం గాని, పొద్దుగూకాక నాచారంలో ఇంజనీరును పలకరించే దిక్కుండేది కాదు. బందరు వైపు నుంచి వచ్చి అక్కడి ఫ్యాక్టరీలో కొత్తగా చేరాను. గేటు దాటితే బండరాళ్లు, సీతాఫలం పొదలు. ఉప్పల్ వైపు పోతే ద్రాక్షతోటలు. మనుషులు లేరని కాదు, ఉన్నవాళ్లంతా ఎవరిళ్లకు వాళ్లు పోయేవారు. నాకు పోవడానికి ఉన్నది ఒక అద్దెగది. అందులో నాతోపాటు ఒక బల్లి ఉండేది. (కొన్నాళ్లకు అదీ పక్కగదికి మారిపోయింది.) శనివారం సాయంత్రం ఇంజనీర్ల క్లబ్బనేది ఒకటి లేకపోతే ఆ మొదటి ఏడాదే రాజీనామా రాసిచ్చి రైలెక్కేవాణ్ని.

క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక సైకిల్ షాపు మీద పొడవాటి గది, కొన్ని ఇనుప కుర్చీలు, ఒక నల్లబల్ల, ఒక క్యారమ్ బోర్డు. బోర్డు కిందున్న మేజా ఊగేది. సివిల్ వాళ్లు అది కాలి లోపమనేవారు, మెకానికల్ వాళ్లు నేల లోపమనేవారు, ఎలక్ట్రికల్ వాళ్లు తమకు సంబంధం లేదనేవారు. నేనున్నన్నాళ్లూ అది ఊగుతూనే ఉంది. ప్రెసిడెంటును అందరం పెద్దసారు అనేవాళ్లం. నిజాం కాలంలో చెరువులూ కాలువలూ చూసిన ఇంజనీరు, రిటైరై రామంతాపూర్‌లో ఒంటరిగా ఉండేవాడు. భార్య పోయి చాలా కాలమైందట. శనివారం వస్తే ఇస్త్రీ షేర్వానీ వేసుకుని, రిక్షా దిగి, ఒక్కో మెట్టూ ఆగి ఆగి ఎక్కేవాడు. ఉపన్యాసం ఇవ్వడానికి ఎవరూ రాకపోతే (సాధారణంగా రారు) ఆయనే లేచి చెరువు తూము ఎలా కట్టాలో చెప్పేవాడు. ఆ ఉపన్యాసం నాకెంత కంఠతా వచ్చేసిందంటే, నేను బాయిలర్ల ఇంజనీర్నై ఉండి కూడా నిద్రలో తూములు కట్టేవాణ్ని.

వచ్చేవాళ్లు రానురాను తగ్గిపోయారు. కొందరికి పెద్ద ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు, కొందరికి పెళ్లిళ్లు, కొందరికి ఆ తూము. చివరికి చాలా శనివారాలు పెద్దసారూ, సెక్రటరీ, నేనూ మిగిలేవాళ్లం. సెక్రటరీ నవ్వని మనిషి. ఒక శుక్రవారం నాకు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎదురై, రేపు సర్వసభ్య సమావేశం పెట్టాననీ, కోరం లేక ఇప్పటికే కొన్నిసార్లు వాయిదా పడిందనీ, ఈసారీ సగం మంది రాకపోతే ఇక క్లబ్బు సంగతి ఏం చెయ్యాలో తనకు తెలియదనీ చెప్పి సైకిలెక్కి పోయాడు. నేను దాన్ని ఎలా అర్థం చేసుకున్నానో వేరే చెప్పాలా? మనుషులు రాకపోతే క్లబ్బు మూతపడుతుంది. కాబట్టి మనుషుల్ని తెస్తే బతుకుతుంది. ఇంజనీరింగు చదివిన బుర్ర, ఇంత తేలిక లెక్కను మళ్లీ సరిచూసుకోవడం చిన్నతనమనుకుంది.

శనివారం మధ్యాహ్నం నుంచే ముసురు పట్టింది. అద్దెసైకిలు తీసుకుని బయల్దేరాను. మొదట ఉప్పల్లో పంపుల ఇంజనీరింటికి వెళ్లాను. క్యారమ్స్‌లో ఎర్రకాయ విషయమై పెద్దసారుతో మాటామాటా అనుకుని మానేసిన మనిషి. బతిమాలాను, పెద్దవాడి మనసు కష్టపెట్టకండన్నాను, మిరపకాయ బజ్జీలున్నాయన్నాను. ఆ మూడో మాటకు చెప్పులేసుకున్నాడు. తర్వాత హబ్సిగూడలో కొత్త పెళ్లికొడుకు. కరీంనగర్ వాడు, నా ఈడువాడే. తలుపు సగమే తెరిచి, "నిన్న పెద్దసారే వచ్చిండు. కొత్త పెండ్లాన్ని ఇడిసిపెట్టి మీటింగులేంది, ఇంట్ల ఉండు అన్నడు" అన్నాడు. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. తన క్లబ్బు పోతున్నా ఇంకొకరి సంసార సుఖం చూసే మనిషి! అలాంటివాడి కోసమైనా రావాలని వాదించి వాణ్నీ లేవదీశాను. ఆ తర్వాత వెళ్లిన ప్రతి ఇంటా అదే వరస. ఒకాయనకు జలుబు చేస్తుంది రావద్దన్నాడట, ఇంకొకాయనను పిల్లల చదువు చూసుకోమన్నాడట. ఆ ముసలాయన ఇంటింటికీ రిక్షాలో తిరిగాడని తెలిసే కొద్దీ నా భక్తి పెరిగింది గాని, ఎందుకు తిరిగాడన్న అనుమానం మాత్రం పుట్టలేదు.

చీకటి పడకముందే అందరినీ వెంటేసుకుని మెట్లెక్కాను. ఒళ్లంతా బురద, మొహమంతా గర్వం. సెక్రటరీ నన్ను చూసి జీవితంలో మొదటిసారి నవ్వాడు. అప్పుడే నాకు భయమేసి ఉండాల్సింది. పెద్దసారు మాత్రం కుర్చీలోంచి లేచి, వచ్చినవాళ్లను ఒక్కొక్కరినే చూసి, చివరికి నా దగ్గర ఆగాడు.

"గింతమందిని యాడికెళ్లి పట్టుకొచ్చినవ్ బిడ్డా?" అన్నాడు మెల్లగా.

ఇళ్ల నుంచే సార్ అన్నాను సంతోషంగా.

సెక్రటరీ కోరం సరిపోయిందని ప్రకటించి, తీర్మానం చదివాడు. గది యజమాని గది ఖాళీ చెయ్యమంటున్నాడు, సభ్యులు రావడం లేదు, కనుక క్లబ్బును మూసివేయడమైనది. సగం మంది లేనిదే ఏ తీర్మానమూ చెల్లదని మా నిబంధన. మూసేయాలన్నా అంతే. అంటే ఇన్నాళ్లూ క్లబ్బును నిలబెట్టింది ఎవరూ రాకపోవడమే. పెద్దసారు రిక్షాలో ఇల్లిల్లూ తిరిగి కాపాడుకుంటున్నది దాన్నే. చేతులెత్తమన్నారు. ఎత్తారు. వద్దన్నవాళ్లు ఎత్తమన్నప్పుడు నాదొక్కటే లేచింది, బురద చెయ్యి. అధ్యక్షుడికి ఓటు లేదు. ఆమోదమైనదని చెప్పాల్సింది మాత్రం ఆయనే. చెప్పాడు. చెప్తూ షేర్వానీ గుండీ అదేపనిగా తడుముకున్నాడు.

బజ్జీలు వచ్చాయి. ఎవరూ ఎవరివంకా చూడకుండా తిన్నారు. అప్పుడు పెద్దసారు సుద్దముక్క తీసుకుని, "ఇంతమంది మల్ల దొరకరు. జర తూము సంగతి చెప్తా, ఇంటరా?" అన్నాడు. లేచి పోదామనుకున్నవాళ్లు కూడా కూర్చున్నారు. నాకు కంఠతా వచ్చిన మాటలే, వరస తప్పకుండా అవే, కానీ నిండిన గదిలో అవి వేరుగా వినిపించాయి. అయిపోయాక పంపుల ఇంజనీరు గొంతు సవరించుకుని, వరద ముంచుకొచ్చినప్పుడు తూము తలుపు ఎవరు ఎత్తుతారని అడిగాడు. ఆ ఉపన్యాసానికి ప్రశ్న రావడం నేనెరిగినంతలో అదే మొదలు. పెద్దసారు సుద్దముక్క పక్కన పెట్టాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టి, ఇక ఆపలేదు. ఏదో ఊళ్లో, నడుం లోతు నీళ్లలో, తను స్వయంగా ఎత్తిన రాత్రి గురించి. అది నాకూ తెలియని కథ.

క్షమించమని అడుగుదామని రిక్షా దాకా వెంట వెళ్లాను. నేనడిగేలోపే ఆయన నా భుజం మీద చెయ్యేసి, "మస్తు మంది వచ్చిన్రు గదరా" అన్నాడు. అవును సార్ అన్నాను.

తర్వాతి శనివారం అలవాటు కొద్దీ అటే వెళితే, గదికి తాళం. మెట్ల మీద పెద్దసారు కూర్చుని ఉన్నాడు, ఇస్త్రీ షేర్వానీలోనే. నన్ను చూసి కాస్త జరిగి చోటిచ్చాడు. అలా కొన్ని శనివారాలు ఆ మెట్ల మీదే క్లబ్బు నడిచింది. తర్వాత ఆయన్ను కూతురు వరంగల్ తీసుకుపోయింది. గదిలో పిండిగిర్నీ వచ్చింది. ఆయన కబురు మళ్లీ తెలియలేదు.

ఇప్పుడు నాకు అప్పటి ఆయనకన్నా ఎక్కువ వయసు. మా కాలనీ సంఘానికి నేనే అధ్యక్షుణ్ని. మీటింగులకు ఎవరూ రారు. బురద చేతులతో ఆ వానలో సైకిలు తొక్కిన కుర్రవాడు గుర్తొచ్చినప్పుడల్లా, ఆపి అసలు సంగతి చెప్పి వెనక్కి పంపేద్దామా అనుకుంటాను. మళ్లీ, పోనీలే, తొక్కనీ, అనుకుంటాను. వాడు పోకపోతే పెద్దసారును ఆ తూము ప్రశ్న ఎవరడుగుతారు?