అమ్మన్నమ్మ నూనె ఆకాశానికి

ఆ వారమంతా అమ్మన్నమ్మ కాళ్లు నేలమీద ఆనలేదంటే నమ్మండి!

బెంగాలీల ఊళ్లో, గార్డెన్ రీచ్ ఓడల డాక్ గేటు ఎదుట ఆమెది బజ్జీల బండి. ఊరికి ఆ చివరనున్న న్యూ టౌన్ నుంచి మధుబాబు అనే తెలుగు కుర్రాడు వ్యాన్‌లో వచ్చి, వాడేసిన నూనె డబ్బాలో దాచి ఇమ్మన్నాడు, వారానికోసారి వస్తానన్నాడు.

"మాడిపోయిన నూనె ఏటి సేసుకుంతావు బాబూ?"

"శుద్ధి చేసి విమానాలకి ఇంధనం తయారుచేస్తారు పిన్నిగారూ."

ఇంకేముంది! పేటంతా టముకు వేసేసింది. "మాశీ, విమానం ఉల్లిపాయ వాసన కొడుతుందేమో!" అని, ఆమెని పిన్నీ అని పిలిచే బెంగాలీ కూలీలు ఆటపట్టిస్తే, "కొట్టనీ, ఎక్కినోళ్లకి ఆకలేస్తాది" అనేది.

మొగుడు గవరయ్య ఒక్కడే పెదవి విరిచాడు. షిప్‌యార్డులో ఓడలకి రంగులేసి రిటైరైన మనిషి. "నాను రంగేసిన ఓడలు దేశాలు తిరిగినాయి. నన్నొక్కదాన్లో ఎక్కించినారేటే? నీ నూనె కూడా అంతే. అదెగిరినా మనం ఎవుడికీ అక్కర్నేదు."

అమ్మన్నమ్మకి రోషం పొడుచుకొచ్చింది. ఎలాగైనా తన నూనె ఎగరాల్సిందే!

వ్యాను వచ్చే రోజు డబ్బాకి పసుపు రాసింది, బొట్టు పెట్టింది, బంతిపూల దండ వేసింది. ఆమె పుట్టిన తెలుగు తీరంలో కొత్త పడవ నీళ్లలోకి దిగితే కొబ్బరికాయ కొట్టాలి కదా! మూత తీసి ఉన్న డబ్బా అంచుకే ఫెడేలున కొట్టింది. పక్కింటి బెంగాలీ అమ్మలు తమ ఆచారం ప్రకారం శుభానికి ఉలూలూ అని కేకలేశారు. ఆ సందట్లో కొబ్బరినీళ్లన్నీ డబ్బాలోకి పోయాయి.

మధుబాబు గాజు గొట్టం అడుగుదాకా ముంచి చూశాడు. "పిన్నిగారూ, ఇందులో నీళ్లున్నాయి. ఇలా తీసుకోకూడదు."

"ఉట్టి నీళ్లు కావు బాబూ, కొబ్బరినీళ్లు!" అంది. అంటూనే ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ కోసిన కోతలన్నీ ఏం కాను?

మధుబాబు నవ్వాపుకోలేక, "కదపకుండా ఉంచండి. నీళ్లు అడుక్కి దిగుతాయి. పక్కనున్న మెటియాబ్రుజ్ పేటంతా చుట్టి సాయంత్రం వచ్చి పైనూనె తోడుకుంటాను" అన్నాడు.

గవరయ్య పెళ్లాం మొహం చూశాడు. స్టూలు లాక్కుని డబ్బా పక్కన కూచున్నాడు. ఇక చూడాలి ఆయన కాపలా! "కదపకండ్రా!" అని పిల్లుల్ని తరిమాడు, ఆటోల్ని తిట్టాడు, హారన్ కొట్టిన బస్సు మీదకి కూడా లేచాడు.

సాయంత్రం మధుబాబు పైనూనె తోడి, మళ్లీ పరీక్ష చేసి, "బాగుంది" అన్నాడు. అమ్మన్నమ్మ చిన్నపిల్లలా గెంతింది. అంతలో పైన విమానం మోత.

"మావా, అదిగో నా నూనె!"

"ఓలే, వ్యానింకా మలుపు తిరగనేదే!"

"నువ్వూ నానూ ఎక్కకపోతే ఏటి? మనది ఎక్కుతాది."

గవరయ్య విమానం కనుమరుగయ్యేదాకా తలెత్తే ఉన్నాడు. తర్వాత కళ్లు తుడుచుకుని స్టూలు బండి దగ్గరకి జరుపుకున్నాడు.

"ఇంకో వాయి ఎయ్యే. పై వారానికి డబ్బా నిండాల గదా!"