పోయినవారం టోర్వాల్

యాత్రికుల్ని తన పడవలో చేపల వేటకు తీసుకెళ్ళే టోర్వాల్ కెప్టెన్ నోట "ఈ వారం" అన్న మాట విన్నవాళ్ళు శాండ్‌విక్ ఊళ్ళో ఒక్కరూ లేరు. చేపలు ఎప్పుడు పడతాయని ఎవరడిగినా ఆయన సముద్రంకేసి ఓసారి చూసి, నోట్లోంచి పైపు తీసి, పుట్టెడు జాలితో తల ఆడించేవాడు. "అయ్యో, పోయిన వారం రావాల్సింది!"

ఆ సెప్టెంబరు ఉదయం కెచికాన్ రేవు నుంచి ఉత్తరానికి పోతున్న ఓడ డెక్కు మీద మాగ్నస్ బ్రెక్కే చెవిన సరిగ్గా ఆ మాటే పడింది. పక్కన మొగుడూ పెళ్ళాం ఇద్దరు యాత్రికులు కెమెరాలు పట్టుకుని నీళ్ళలోకి గుడ్లప్పగించి చూస్తున్నారు. వాళ్ళ వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"తిమింగిలాల కోసమా తల్లీ? పోయిన వారం చూడాల్సింది. ఈ కటకటాల దాకా వచ్చి లోపలికి తొంగి చూశాయి."

మాగ్నస్ టోపీని ముక్కు మీదికి లాక్కుని, ఎటు తిరిగితే ఎవరికీ కనబడనో ఆలోచిస్తూ అటు తిరిగాడు. ఇన్ని ఓడలుండగా, వారంలో ఇన్ని రోజులుండగా, ఈ ముసలాయనే తగలాలా!

"బ్రెక్కేల ముక్కు టోపీ కింద దాగదురా మాగ్నస్," అంది వెనకనుంచి ఆ గొంతు. "సాల్మన్ చేపలు పట్టడానికి మీ నాన్న ఆ ముక్కునే కొక్కెంగా వాడేవాడు."

ఇక్కడ టోర్వాల్ గురించి కొంచెం చెప్పుకోవాలి. మన సిద్ధాంతిగారు పంచాంగం తిరగేసి రాబోయే ముహూర్తం చెబుతారు. టోర్వాల్ గడిచిపోయిన ముహూర్తాలు చెప్పే సిద్ధాంతి. అలాగని ఆయనకు విద్య రాదని కాదు. మే నెలాఖరుకు కింగ్ సాల్మన్ ఏ రాతిగుట్ట పక్కనుంచి వస్తుందో, జూలైలో ఎర్ర సాల్మన్ ఏ వాగు మూతి దగ్గర గుమిగూడుతుందో, ఆగస్టు వానల్లో వెండి సాల్మన్‌కు ఏ రంగు ఎర మీద మోజో, అన్నీ కరతలామలకం. తలుపంత బల్లపరుపు చేప హాలిబట్ ఉందే, అది అడుగున ఇసకలో పడుకుని ఉంటుంది. పోటుకూ పాటుకూ నడుమ నీళ్ళు నిలబడే ఆ కాసేపే దాని నోటికి గాలం అందుతుంది. ఆ కాసేపు ఎప్పుడో టోర్వాల్‌కు గడియారం లేకుండా తెలిసేది. ఆయన పడవెక్కినవాళ్ళు ఉత్తచేతులతో దిగడం అరుదు. అయినా సరే, ఎంత చేప పడినా, దించేటప్పుడు ఆ మాట అనాల్సిందే. "బాగానే ఉందిలే. పోయిన వారంవి ఇంకా పెద్దవి."

ఊళ్ళో ఒకరి పెళ్ళిలోనూ అంతే. చర్చిలో పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని, "పోయిన వారం పెట్టుకోవాల్సిందిరా, ఇంత వాన ఉండేది కాదు" అన్నాడు. శాండ్‌విక్‌లో వాన పడని వారం పుట్టి ఎరగదు.

ఒకసారి టకోమా నగరం నుంచి వచ్చిన పళ్ళడాక్టరు పంతం పట్టాడు. చేప పట్టుకుని పడవ దిగుతూ పోయిన వారం రావాల్సిందని విని, కిమ్మనకుండా హోటల్లో గది తీసుకుని, వారమంతా ఉండిపోయి, మళ్ళీ అదే రోజున పడవ దగ్గరికి వచ్చాడు.

"ఇప్పుడు చెప్పండి కెప్టెన్. చేపలెలా ఉన్నాయి?"

"ఏం చెప్పమంటారు డాక్టరుగారూ. పోయిన వారం రావాల్సింది."

"పోయిన వారం నేను మీ పడవలోనే ఉన్నానయ్యా!"

"కదా? ఎంత మంచి చేప పడింది! నేను అబద్ధమాడానా?"

అప్పటినుంచీ ఊళ్ళో ఆయన్ని పోయినవారం టోర్వాల్ అనే పిలుస్తారు. ఉత్తరాలు కూడా ఆ పేరుతోనే చేరతాయి.

మాగ్నస్‌కు ఈ కథలన్నీ తెలుసు. చిన్నప్పుడు తమ్ముడు లెయిఫ్‌తో కలిసి ఆయన్ని అనుకరించి తల్లిని నవ్వించినవాడే. ఇవాళ మాత్రం ఆ ఒక్క మాటా వినకూడదని కెచికాన్‌లో ఓడ ఎక్కినప్పటినుంచీ మొక్కుకుంటున్నాడు. ఎందుకంటే లెయిఫ్ వసంతంలో పోయాడు. ఆ కబురు మాగ్నస్‌కు చేరేసరికే మట్టిచేయడం కూడా అయిపోయింది. ఇరవై ఏళ్ళ పైచిలుకు తమ్ముడితో మాట్లాడని మనిషి, ఇప్పుడు సమాధి చూడ్డానికి బయలుదేరాడు. టోర్వాల్ జీవితమంతా అబద్ధంగా అంటూ వచ్చిన మాట, ఈ ఒక్కడి విషయంలో మాత్రం నిఖార్సైన నిజం. టిక్కెట్టు కూడా, ఎందుకైనా మంచిదని, శాండ్‌విక్ దాటి జూనో దాకా కొన్నాడు. దిగడానికి ధైర్యం చాలకపోతే అలాగే ముందుకు పోవచ్చు.

"మీరేంటి కెప్టెన్ ఇటు?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి గనక.

"పడవకి నీళ్ళ పంపు పాడైంది. కెచికాన్‌లో దొరుకుతుందేమోనని వెళ్ళా."

"దొరికిందా?"

"పోయిన వారమే అయిపోయాయట."

మాగ్నస్‌కు నవ్వు రాలేదు. టోర్వాల్ పైపు వెలిగించే ప్రయత్నం చేశాడు. గాలికి మూడు అగ్గిపుల్లలు ఆరిపోయాయి. నాలుగోదాన్ని మాగ్నస్ తన టోపీ అడ్డుపెట్టి కాపాడాడు.

"కెప్టెన్, ఒక్క మాట అడుగుతా. ఆ హాలిబట్ ఎవరిది?"

ఆ హాలిబట్ గురించి తెలియనివాళ్ళు ఆ తీరంలో లేరు. ఒక జూలైలో, నీళ్ళు నిలబడిన వేళ, అన్నదమ్ములిద్దరూ టోర్వాల్ పడవలో చెరో పక్కన కూచుని గాలాలు వేశారు. రెండు కర్రలూ ఒక్కసారే వంగాయి. నాది పెద్దదంటే నాది పెద్దదని అరుచుకుంటూ, చొక్కాలు తడిసేలా లాగి లాగి పైకి తెస్తే, తేలింది ఒక్కటే చేప. దాని నోట్లో రెండు గాలాలూ ఉన్నాయి. ముందు నాది మింగిందంటే నాది మింగిందని మొదలైన వాదం, అమ్మ ఎవరికి ఎక్కువ వడ్డించేది అన్నదాకా పోయి, నాన్న తుపాకీ ఎవరు తుప్పు పట్టించారన్నదాకా పోయి, పడవ రేవు చేరేసరికి మాటలే అయిపోయాయి. తీర్పు చెప్పమంటే టోర్వాల్, "పోయిన వారం వచ్చుంటే చెరొకటి పడేది" అన్నాడు. ఇద్దరూ ఆ చేపను ముట్టుకోలేదు. ఊరంతా దాన్ని వేయించుకుని, ఉడకబెట్టుకుని, పులుసు పెట్టుకుని తిన్నారు. వారం తిరక్కుండానే మాగ్నస్ కెచికాన్ వెళ్ళి ఇనప సామాన్ల కొట్లో చేరాడు.

"ఎవరిదంటావేంట్రా? ఒకటి కుడి దవడలో ఉంది, ఇంకోటి ఎడమ దవడలో ఉంది. దురాశ చేపది. కొట్లాట మీది."

"వాడు... నామీద కోపంతోనే పోయాడా?"

ఇందుకోసమే మాగ్నస్ ఓడ ఎక్కాడు. సమాధి రాయి జవాబు చెప్పదని తెలిసీ ఎక్కాడు.

టోర్వాల్ పైపు తీసి కటకటాలకేసి కొట్టి బూడిద దులిపాడు. "నీకు గుర్తుందా, వెళ్ళిన మరుసటేడు నువ్వీ ఓడలోనే వచ్చావు. శాండ్‌విక్‌లో ఓడ ఆగిన రెండు గంటలూ పొగగొట్టం వెనక నిలబడ్డావు. దిగలేదు."

మాగ్నస్ ముఖం కందిపోయింది. "మీకెలా..."

"ముక్కు రా, ముక్కు. పొగగొట్టం దాన్నెక్కడ దాస్తుంది? లెయిఫ్ వేటనుంచి రాగానే చెప్పా. మీ అన్న పోయిన వారం వచ్చాడురా, నీకోసం చూసి వెళ్ళిపోయాడని. మర్నాడు ఓ పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు. పొగబెట్టిన వెండి సాల్మన్. ఈసారి వస్తే వాడికివ్వు, ఉప్పు తక్కువైందని వాగొద్దని చెప్పు, అన్నాడు."

"తర్వాత నేను రాలేదుగా!"

"నువ్వు రాలేదు. నేను రప్పించాను. ఏటా సీజను అయిపోయేముందు వాడు నా పడవ దగ్గరికొచ్చి తాడు సరిచేస్తున్నట్టు నటించేవాడు. వాడొచ్చాడా, అని అడిగేవాడు కాదు, పొగరు. నేనే అనేవాణ్ణి. పోయిన వారం వచ్చి వెళ్ళాడురా, కాస్త లావెక్కాడు అని. మర్నాడు ఇంకో పొట్లం ఇచ్చి పోయేవాడు. ఇంకో ఏడాది బట్టతల వచ్చింది అన్నా. నీ బట్టతల గురించి వాడెంత సంతోషపడ్డాడో నీకు తెలీదు."

మాగ్నస్ చెయ్యి దానంతటదే టోపీ మీదికి పోయింది.

"మరి... ఆ పొట్లాలు?"

"తిన్నాను. నీ పేరు చెప్పుకునే తిన్నాను. ఉప్పు తక్కువే, నిజమే."

మాగ్నస్ నవ్వబోయాడు. నవ్వు గొంతు దాకా వచ్చి మరోలా బయటపడింది. "నువ్వు అలా చెప్పకపోతే, నేను రాలేదన్న మంటతోనైనా వాడే కెచికాన్ వచ్చి నన్ను నిలదీసేవాడేమో! అది ఆలోచించావా ముసలాడా?" ఇన్నేళ్ళలో టోర్వాల్‌ను నువ్వు అనడం అదే మొదలు.

టోర్వాల్ ఖాళీ పైపును మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. "ఆలోచించలేదు," అన్నాడు నెమ్మదిగా. "చేప పడనివాడికి నీ చెయ్యి చేతకానిదని చెప్పనా? వారం మంచిది కాదంటే వాడు హాయిగా ఇంటికెళ్ళి పడుకుంటాడు. నింద వారం మీదికి పోతుంది. వారానికేం, దానికి సిగ్గా లజ్జా? మీ ఇద్దరికీ అదే పనిచేస్తుందనుకున్నా. నువ్వన్నది మాత్రం..." గడ్డం గోక్కున్నాడు. "అది పోయిన ఏడే ఆలోచించాల్సింది."

ఓడ కూత వేసింది. కొండ మలుపు తిరగ్గానే శాండ్‌విక్ రేవు, ఎర్ర గోదాములు, వానలో తడుస్తున్న పడవలు కనిపించాయి. లెయిఫ్ పడవ ఉండే చోటు ఖాళీగా ఉంది. మాగ్నస్ కాళ్ళు, తనని అడక్కుండానే, పొగగొట్టం వైపు రెండడుగులు వేశాయి.

"ఇదిగో," అంటూ టోర్వాల్ కోటు లోపల్నుంచి నూనె కాగితం పొట్లం ఒకటి తీశాడు. "పోయిన శరదృతువుది. వాడు చేసిన ఆఖరుది. దీన్ని మాత్రం తినలేదు."

మాగ్నస్ విప్పి చూశాడు. సగమే ఉంది.

"తినలేదన్నావు?"

"నీ కొట్టుకొస్తే ఇప్పుడే ఓడకి బయలుదేరాడన్నారు. పరిగెత్తుకుంటూ వచ్చా. ఈ వయసులో పరిగెత్తితే ఆకలెయ్యదూ?"

మాగ్నస్ ముసలాయన చేతులకేసి చూశాడు. పంపు కొనడానికి పోయినవాడి చేతిలో సంచీ లేదు, కొలత చూపించడానికి పాత పంపూ లేదు. పొట్లంలోంచి ఓ ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. నిజమే, ఉప్పు తక్కువ. ఉప్పదనమంతా తన చెంపల మీదనుంచే పెదాలకు దిగుతోంది.

ఓడ రేవుకు తగిలింది. గొలుసులు మోగాయి. దిగేవాళ్ళు వరస కట్టారు.

"ఈసారైనా దిగు," అన్నాడు టోర్వాల్. "చర్చి వెనక, ఎగువ వరసలో ఉన్నాడు. సముద్రం కనిపిస్తుంది. రేపు పొద్దున పాటు అయ్యాక, నీళ్ళు నిలబడే వేళకి నా పడవ దగ్గరికి రా. వాడి గాలం నా దగ్గరే ఉంది. నీది కూడా. దూరం దూరంగా వేద్దాం."

"హాలిబట్ పడుతుందా కెప్టెన్?"

టోర్వాల్ సముద్రంకేసి ఓసారి చూశాడు. నోట్లోంచి పైపు తీశాడు. పుట్టెడు జాలితో తల ఆడించబోయి, సగంలో ఆగాడు.

"పోయిన..." అని మొదలుపెట్టి, ఆ మాటను ముల్లులా మింగేశాడు. "రేపు పడుతుంది."

అని, తన నోటి మాటకు తనే హడలిపోయినట్టు, కాలర్ పైకి లాక్కుని, వెళ్ళొస్తానని కూడా అనకుండా జనంలోంచి గబగబా ర్యాంపు దిగి, వానలోకి నడిచి వెళ్ళిపోయాడు.