రేపు వచ్చేవాళ్లకు ఈరోజు ఫోన్

నిన్న మధ్యాహ్నం ఒకమ్మాయి నా పార్లర్‌కొచ్చి, కుర్చీలో కూర్చుని చేయి చాపగానే కొబ్బరినూనె వాసన గుప్పుమంది. దాని వెనకే సున్నిపిండి వాసన. పొద్దున్నే ఒళ్లంతా నూనె రాసుకుని, నలుగు పెట్టుకుని, వేణ్ణీళ్లతో తలంటు పోసుకుని, పెళ్లికూతురిలా తయారై వాక్సింగ్‌కి వచ్చింది పాపం. శుభ్రంగా రావాలనుకుంది. పండగకైతే ఇంతకంటే మంచి స్నానం లేదు, వాక్సింగ్‌కి ఇంతకంటే చెడ్డది లేదు. నూనె మీద వాక్స్ అంటుకోదు. అప్పుడే బాగా రుద్ది వేణ్ణీళ్లు పోసిన చర్మం పట్టీ లాగితే మండిపోతుంది. "ఇయ్యాల వద్దు చెల్లె, రేపు రా" అంటూ ఉండగానే ఆ వాసనలోంచి నాకు పని నేర్పిన రత్నకుమారి మేడం గొంతు వినపడింది. "అమ్మాయ్, నిన్న ఫోన్ చేశావా?" ఆ పిల్ల అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చిందని మనసులోనే సంజాయిషీ చెప్పుకున్నాను. ఆవిడ పోయి చాలా కాలమైంది. అయినా ఇప్పటికీ ఆవిడకు జవాబు చెప్పుకోకపోతే నాకు తోచదు.

మేడంది రాజమండ్రి. వయసులో ఉండగా సినిమాల్లో గ్రూప్ డాన్సర్‌గా చేశారు, ఆ తర్వాత హీరోయిన్లకు జడలు వేసే హెయిర్ డ్రెస్సర్‌గా చేశారు, చివరికి ఫిల్మ్ నగర్ నుంచి జూబ్లీహిల్స్‌కి ఎక్కే దారిలో ఒక టైలర్ షాపు పక్కన గది అద్దెకు తీసుకుని పార్లర్ పెట్టారు. ఆవిడ ఎడమ చేతి మీద అరచెయ్యంత మచ్చ ఉండేది. డాన్సర్‌గా ఉన్నప్పుడు, తెల్లారితే పాట షూటింగ్ అనగా, ఎండలో కమిలిన చేతికి ఎవరో హడావిడిగా వాక్స్ చేశారట. చర్మం ఊడొచ్చింది, పాట పోయింది. వేరే ఎవరైనా అయితే ఆ మచ్చను పొడుగు చేతుల జాకెట్టు కింద దాచుకుంటారు. మేడం మాత్రం పొట్టి చేతుల జాకెట్టు వేసుకుని, కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకూ చూపించేవారు. "ఇదే నా సైన్ బోర్డు. తొందరపడితే ఇలా అవుతుంది" అని నవ్వేవారు.

నేను రహమత్ నగర్ గల్లీ నుంచి ఆ గుట్టెక్కి పనికి వెళ్లేదాన్ని. ఇంటర్ తప్పాను, మళ్లీ కట్టే ఓపిక లేదు. మాదాపూర్ వైపు అద్దాల మేడలు ఒకదాని పక్కన ఒకటి లేస్తున్న రోజులవి. మెడలో కంపెనీ కార్డులు తియ్యకుండానే సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు క్యాబుల్లో దిగేవాళ్లు. శుక్రవారం సాయంత్రమైతే మా గదిలో నిలబడటానికి చోటుండేది కాదు. నా పని నేల ఊడవడం, చక్కెర, నిమ్మరసం కలిపి వాక్స్ కాయడం, వాడిన పట్టీలు ఉతికి డాబా మీద ఆరేయడం. వెంట్రుకలు లాగడమే అసలు విద్య అని నాకు గట్టి నమ్మకం. నా కాళ్ల మీదా చేతుల మీదా సాధన చేసీ చేసీ లాగడానికి ఏమీ మిగల్లేదు.

మేడంకి మాత్రం అసలు పని ముందురోజే మొదలయ్యేది. సాయంత్రం దీపం పెట్టగానే ఫోన్ దగ్గర కూర్చుని, మర్నాడు రావలసిన వాళ్లందరికీ వరసగా ఫోన్ చేసేవారు. "ఏమ్మా, రేపొస్తున్నావు కదా. వెంట్రుక బియ్యపు గింజంత పెరిగిందా? పెరక్కపోతే రావద్దు. ఇవాళ స్నానం చేసేటప్పుడు మెత్తటి బట్టతో సున్నితంగా రుద్దుకో, అంట్లు తోమినట్టు తోమకు. రేపు నూనె వద్దు, క్రీములు వద్దు, ఎండలో తిరగొద్దు. నెలసరి దగ్గర్లో ఉంటే నాలుగు రోజులాగు, నొప్పెక్కువ. వదులుగా ఉండే కాటన్ బట్టలు వేసుకుని రా." విన్నవాళ్లు ఆపరేషన్‌కి పిలుస్తున్నారేమో అనుకోవాలి.

కొన్నాళ్లకు ఆ ఫోన్ పని నాకు అప్పగించారు. అక్కడికొచ్చే ఆడవాళ్ల ముందు నా మాట నాకే మోటుగా అనిపించేది. అందుకని సినిమాల్లో విన్నట్టు "చేయకూడదండీ, రావాలండీ" అని సాగదీస్తూ మొదలుపెట్టాను. మేడం పక్కనే ఉండి విని, ఫోన్ పెట్టేశాక అడిగారు.

"ఎవరిదే ఆ గొంతు? ఎక్కడ అరువు తెచ్చావు?"

"నా మాట వాళ్లకు నచ్చదేమోనని మేడం."

"నచ్చడానికి నువ్వేమన్నా పాట పాడుతున్నావా? జాగ్రత్త చెబుతున్నావు. నీ గొంతుతో చెప్పు, నిజమనిపిస్తుంది."

ఆవిడ అంత తేలిగ్గా అన్నారు గానీ, నేను మాత్రం చాలా రోజులు ఆ అరువు గొంతు వదల్లేదు.

ఆ రోజుల్లోనే సింధు అని ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి మొదటిసారి వాక్సింగ్‌కి వచ్చింది. చేయి చూస్తే గాజులా నున్నగా ఉంది. ముందురోజు రాత్రి రేజర్‌తో అంతా గీసుకుని వచ్చిందట. ఎందుకమ్మా అంటే తల దించుకుని, "మీరు చూసి ఏమనుకుంటారోనని. చాలా ఎక్కువగా ఉండేవి ఆంటీ" అంది. నాకు నవ్వాగలేదు. మేడం నవ్వారు గానీ నాలా నవ్వలేదు. ఆ అమ్మాయి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "పనిమనిషి వస్తోందని ముందే ఇల్లు ఊడ్చిపెట్టుకున్నట్టుందమ్మా నీ వ్యవహారం. వెంట్రుకలుంటేనే కదా మా వంట గదిలో పొయ్యి వెలిగేది. సిగ్గుపడాల్సింది ఏముంది ఇందులో?" అన్నారు. టీ ఇప్పించి, మళ్లీ పెరిగాక రమ్మని పంపేశారు. వెళ్లేటప్పుడు సింధు తల ఎత్తుకుని వెళ్లింది. ముందు సిద్ధం చేయాల్సింది ఒక్క చర్మాన్నే కాదని నాకు ఆ రోజు తెలిసింది.

ఇంట్లో మా అమ్మ ఓపిక అయిపోతోంది. చీరలకు ఫాల్స్ కుట్టే మా అమ్మకు, కూతురు ఊరివాళ్ల వెంట్రుకలు ఊడవడం చిన్నతనంగా ఉండేది. "దసరా దాంక చూస్త. అప్పటికి గూడ గీ ఊడుసుడే అయితే ఎర్రగడ్డల మీ మామ మెడికల్ షాపుల కూసుందువు" అని తేల్చేసింది. నాకేమో ఆ పనే ప్రాణం. సొంతంగా ఒక టేబుల్ ఇస్తే తప్ప నిలిచేలా లేను. ధైర్యం చేసి మేడంని అడిగాను.

"ఎవరినైనా ఒకరిని వెనక్కి పంపించిన రోజు ఇస్తాను" అన్నారు.

మాట దాటేశారనుకున్నాను. ఏ దుకాణంలోనైనా గిరాకీని తెచ్చినవాళ్లకు మెప్పు గానీ, పంపించేసినవాళ్లకు మెప్పా?

దసరా ముందు మేడం బంజారా హిల్స్‌లో ఎవరో పెళ్లికూతురికి జడ వేయడానికి వెళ్లారు. పార్లర్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. పెద్ద కారు ఆగి, ఒకావిడా ఆమె కూతురూ దిగారు. కూతురికి మొదటి సినిమా, తెల్లారితే చేతుల్లేని గౌనులో పాట. ముందు చెప్పకుండా వచ్చారు, అంటే ముందురోజు ఫోనూ లేదు. ఆ అమ్మాయి చెయ్యి చాపింది. చర్మం ఎర్రగా, పల్చగా, అక్కడక్కడా పొరలు లేచి ఉంది. తెల్లబడటానికని ఏదో క్రీము కొన్నాళ్లుగా రోజూ రాస్తున్నారట.

నాకు రెండూ కనపడ్డాయి. చేస్తే ఆ చెయ్యి ఏమవుతుందో మేడం చేతి మీద రోజూ చూస్తున్నదే. చెయ్యకపోతే నా సంగతి ఎర్రగడ్డే. అరువు గొంతు ఆ భయంలో ఎటు పోయిందో తెలియదు.

"నేను చెయ్య మేడం. గీ చేతి మీద వాక్స్ పెడితే తోలు లేస్తది" అన్నాను ఆ తల్లితో.

"ఏంటమ్మాయ్, నువ్వు నాకు చెప్పేదేంటి? రేపు షూటింగ్ పెట్టుకుని ఈ కబుర్లేంటి?" అంది ఆవిడ. వెంటనే సెల్‌ఫోన్ తీసి మేడంకి చేసి, నా మీద చెప్పవలసిందంతా చెప్పి, ఫోన్ నా చేతికిచ్చింది.

"ఏం చూశావు?" అని అడిగారు మేడం. చెప్పాను.

"నీకేమనిపిస్తోంది?"

"వద్దనిపిస్తుంది మేడం."

"మరి నన్నెందుకు అడుగుతావు? ఫోన్ ఆవిడకివ్వు."

మేడం ఆవిడతో ఏమన్నారో నాకు తెలియదు. ఆవిడ మొహం మాత్రం కందగడ్డయింది. నేను చల్లటి నీళ్లలో బట్ట తడిపి ఆ అమ్మాయి చేతి మీద వేసి, "కొద్దిరోజులు ఆ క్రీము బంద్ చెయ్యి, డాక్టర్‌కు చూపించు. రేపటికి పక్క టైలర్‌ను అడుగుత, ఆ గౌనుకు పల్చని నెట్ చేతులు ఏస్తడు" అన్నాను. తల్లి విసురుగా కారెక్కింది. కూతురు గుమ్మం దగ్గర ఆగి, తడిబట్ట ఇంకా చేతి మీద ఒత్తుకుంటూ, "చాలా మంటగా ఉండేదక్కా. అడిగినవాళ్లు లేరు" అంది. అరగంటకు డ్రైవర్ ఆ గౌను తెచ్చి టైలర్‌కిచ్చి వెళ్లాడు.

ఆ తర్వాత ఆ తల్లికి తెలిసినవాళ్లెవరూ చాలా కాలం మా మెట్లెక్కలేదు. మేడం పట్టించుకోలేదు. "చర్మం ఊడి పోవడం కంటే కోపమొచ్చి పోవడం నయం" అన్నారు. మర్నాడు కిటికీ పక్క టేబుల్ నాదైంది. ఆయుధ పూజ నాడు నా వాక్స్ హీటర్‌కి నాతోనే పసుపు, కుంకుమ పెట్టించారు. చూడటానికొచ్చిన మా అమ్మ, "గీ డబ్బకు బొట్టేందే" అని గొణిగి, ఎవరూ చూడకుండా తనూ రెండు పూలు పెట్టింది.

కొన్నేళ్లకు ఆ భవనం పడగొట్టి కాంప్లెక్స్ కట్టారు. మేడం రాజమండ్రిలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. నేను రహమత్ నగర్‌లోనే సొంతంగా పార్లర్ పెట్టుకున్నాను. ఒక రోజు చెప్పా పెట్టకుండా మేడం వచ్చారు. జుట్టు తెల్లబడింది, పొట్టి చేతుల జాకెట్టు మాత్రం మారలేదు. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలందరూ చూస్తుండగా కుర్చీలో కూర్చుని, మచ్చ ఉన్న చెయ్యి చాపి, "కానివ్వు" అన్నారు.

చేతి మీద కొబ్బరినూనె నిగనిగలాడుతోంది. పక్కనే సున్నిపిండి వాసన.

నాకు విద్య నేర్పిన చెయ్యి అది. దాన్ని వెనక్కి తొయ్యడానికి నోరెలా వస్తుంది? "ఇయ్యాల వద్దు మేడం. నూనె ఉంది. రేపు చేస్త" అన్నాను.

"రాజమండ్రి నుంచి వచ్చానే."

"వచ్చినా సరే మేడం."

ఆవిడ తాపీగా కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "టీ అయినా ఇప్పుడు ఇస్తావా, అదీ రేపేనా?" అన్నారు.

నన్ను పరీక్షించడానికే నూనె రాసుకొచ్చారో, పెద్దతనంలో నిజంగానే మరిచిపోయారో నేను అడగలేదు. ఆ రాత్రి మా ఇంట్లోనే ఉన్నారు. మర్నాడు ఆ మచ్చ తగలకుండా, చుట్టూ మెల్లగా వాక్స్ చేశాను. అదే ఆఖరిసారి ఆవిడను చూడటం.

ఇప్పటికీ దీపం పెట్టగానే ఫోన్ పట్టుకుని కూర్చుంటాను. "నేను స్వరూపను మాట్లాడుతున్న. రేపొస్తున్నరు గదా" అని నా గొంతుతోనే మొదలుపెడతాను. నిన్న వచ్చిన అమ్మాయి రేపు అనగానే మొహం చిన్నబుచ్చుకుని లేవబోయింది. నేను భుజం పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టాను.

"వాక్స్ రేపే. టీ మాత్రం ఇయ్యాలనే, తాగి పో."