మా నూతికి అడుగు ఉందా?

మా నాన్న తెలుగు మాస్టారు. పెనుగొండ దగ్గరి మా ఊళ్ళో ఆయనకి తెలియని మాట లేదు, చేతనైన పని లేదు. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో కూర్చున్న ఎండాకాలంలో ఈ రెండూ ఒకే రోజు రుజువయ్యాయి.

ఆ రోజు పొద్దున్న అమ్మ చేతిలో తాడు జారి, ఆవిడ పుట్టింటి ఇత్తడి బిందె నూతిలో పడిపోయింది. చనిపోయిన మా అమ్మమ్మ తన చేత్తో ఇచ్చినవాటిలో మిగిలింది అదొక్కటే. అమ్మ గట్టు మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది. నాన్న లోపలికి తొంగి చూసి, "అగాధమే! ఇంక దాని మీద ఆశ వదులుకో" అన్నారు.

మాట అన్నాక అర్థం చెప్పకుండా ఉండలేరు కదా. గాధం అంటే కాలు నిలదొక్కుకోగల చోటట. కాలికి అడుగు అందకపోతే అగాధం. అఖాతం వేరట, అది ఎవరూ తవ్వనిది, అందుకే సముద్రానికి వాడతారు. మా నుయ్యి తాతయ్య తవ్వించింది కనుక ఎంత లోతున్నా అఖాతం కాలేదు. అమ్మ అంతా విని, "అందదంటున్నారు సరే, ఎవరి కాలికండీ?" అంది. ఆవిడ జంగారెడ్డిగూడెం మెట్ట మనిషి. అక్కడి నూతుల లోతు ముందు డెల్టా నుయ్యి ఆవిడ లెక్కలో నుయ్యే కాదు.

నాన్న నొచ్చుకుని పాతాళగరిగ కోసం బయల్దేరారు. నూతిలో పడ్డ సామాను తీయడానికి తాడుకి కట్టి దింపే కొక్కేల గుత్తి అది. ఊరికే అడిగి తెస్తే దానికి వస్తువు చిక్కదని మా వైపు నమ్మకం. అందుకని ఇచ్చినవాళ్ళింట్లో ఒక గిన్నె తాకట్టు పెట్టి తెచ్చుకోవాలి. ఎదురింట్లో మా అన్నం గిన్నె పెట్టి తెచ్చారు. తాడు ముడి నాన్నే వేశారు. సంధులు విడదీయడంలో ఆరితేరిన చెయ్యి అది, ముడి వేయడం దానికి రాదు. గరిగ కూడా నూతిలో పడింది. దాన్ని తీయడానికి వెనకింటి గరిగ, వాళ్ళకి మా పప్పు గిన్నె. అది మొదటిదానికి చిక్కుకుని తాడు తెగింది. ఆ రెండింటినీ తీయడానికి వీధి చివరి నుంచి మూడోది, వాళ్ళకి మా గంగాళం. మధ్యాహ్నానికి నాలుగు గరిగలు నూతిలోనూ, మా వంటిల్లు నాలుగిళ్ళలోనూ ఉన్నాయి.

"పాతాళం దాకా ఉందండి మాస్టారూ! మీ తప్పేం లేదండి" అని ఎదురింటాయన ఓదార్చాడు. నాన్నకి ప్రాణం లేచొచ్చింది.

అమ్మ కొంగు బిగించి, ఏటా పూడిక తీసేవాళ్ళు దిగే ఇనప మెట్ల మీదుగా నూతిలోకి దిగిపోయింది. ఆ మెట్లు ఎప్పుడూ అక్కడే ఉన్నాయి. పొద్దుటి నుంచీ మాలో ఒక్కరికీ తట్టలేదు. "ఒసేయ్, అగాధమే!" అని నాన్న అరుస్తూనే ఉన్నారు. నీళ్ళు ఆవిడ భుజాల దగ్గర ఆగాయి.

"కాలందిందండీ" అంది లోపలి నుంచి.

గరిగలన్నీ ఒక్కొక్కటే తాడుకి కట్టి పంపింది, చివర్న బిందె. చిన్న సొట్ట కూడా లేదు. ఎండాకాలపు లోతు లెక్కలోకి రాదన్నారు నాన్న.

అమ్మ మాత్రం పైకి రాలేదు.

"ఏమైందే?" అన్నారు నాన్న.

"ఏం లేదండి. చల్లగా ఉంది. ఇక్కడ నన్నెవరూ పిలవట్లేదు. కాసేపుండి వస్తాను."

గోడకి ఆనుకుని, బిందె దొరికిన చోటే కళ్ళు మూసుకుని నిలబడింది. అంత నెమ్మదిగా ఉన్న ఆవిడ మొహం నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. నాకు భయమేసింది. ఇంక రాదేమోనని కోపం కూడా వచ్చింది. నాన్నకి జీవితంలో మొదటిసారి మాట దొరకలేదు. నాకే దొరికింది.

"అమ్మా, ఆకలేస్తోంది" అన్నాను.

వెంటనే ఎక్కి వచ్చేసింది.