పదికి చేరని రక్తం

మా పెద్దమ్మ ఉప్పలమ్మ ముప్పై ఏళ్లు మునగాల చుట్టుపక్కల పొలాల్లో నాట్లు వేసింది. చివరి పదేళ్లు పన్నెండు మంది ఆడవాళ్ల గుంపుకు తనే పెద్ద. రైతుతో మాట్లాడేటప్పుడు ఒక షరతు మాత్రం వదిలేది కాదు. పదింటికల్లా గట్టు మీదికి టీ క్యాను రావాలి. రాకపోతే గుంపంతా నడుములు ఎత్తి నిలబడేది. వాళ్లలో సగం మంది పొద్దున ఏమీ తినకుండా వచ్చేవాళ్లే.

మొన్న జూన్‌లో సూర్యాపేట దవాఖానలో ఆమె గర్భసంచిలో గడ్డ ఉందనీ, నెలనెలా రక్తం ఎక్కువగా పోయేది దానివల్లేననీ అన్నారు. తీసేయాలి. కానీ రక్తం ఆరు గ్రాములే ఉంది, పదికి వస్తేనే ఆపరేషన్. వేరేవాళ్ల రక్తం ఎక్కించుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు.

"నా రక్తం నేనే తెచ్చుకుంట. గోళీలియ్యుండ్రి" అంది. ఇనుము గోళీలు రాసిచ్చారు.

నేను డిగ్రీ మధ్యలో ఆపేసి సూర్యాపేటలో జిరాక్స్ షాపులో చేరినవాణ్ని. ఎవరెవరి సర్టిఫికెట్లో కాపీలు తీస్తూ, మధ్యలో ఫోన్లో సైన్స్ చదువుతుంటాను. అప్పుడే ఒక వ్యాసం దొరికింది. కాఫీ, టీ తాగేవాళ్ల జన్యువుల మీద చిన్న చిన్న గుర్తులు కనిపిస్తున్నాయట. ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో ఆ గుర్తులే కొంత నిర్ణయిస్తాయట. టీ విషయంలో ఆ మార్పు ఆడవాళ్లలోనే కనిపించిందట, అందులోనూ ఆడ హార్మోనుతో సంబంధం ఉన్న జన్యువుల్లో. దానివల్ల మేలో కీడో ఇంకా తెలియదని చివర్లో రాశారు. ఆ చివరి వాక్యం నేను చదివాను. పెద్దమ్మకు చెప్పలేదు.

"పెద్దమ్మా, చాయ్ తాగితే ఆడోళ్ల గడ్డలకు మంచిదట" అన్నాను.

"ఎవల్రా చెప్పింది?"

"సైంటిస్టులు. మన ఒంట్ల జీన్లుంటయి, వాటిని మారుస్తదట."

"గట్లయితే ఇగ దవాఖాన ఎందుకు? అచ్చయ్య హోటల్ల కూసుంట" అని నవ్వింది.

పక్కనే ఉన్న గుంపు మనిషి నవనీత అందుకుంది. "నీ జీన్లల్ల శక్కర జర తక్కువెయ్యమను అత్తా, గిప్పటికే మాట తియ్యగైంది."

మర్నాటి నుంచి పెద్దమ్మ ఒక గ్లాసుకు బదులు రెండు తాగింది. గోళీ మరిచిపోకుండా కొంగున ముడేసుకుని పొలానికి తీసుకెళ్లేది. చేతులు బురద, దగ్గర్లో ఉన్నవి కాలువ నీళ్లు. టీ క్యాను రాగానే ముడి విప్పి, గోళీ నోట్లో వేసుకుని, వేడి టీతో మింగేది. టీతో అయితే నోరు చేదెక్కదనేది.

జులైలో రక్తం ఆరు. ఆగస్టులో అయిదు పాయింట్ ఎనిమిది. సెప్టెంబరులో అయిదున్నర.

"గోళీలు పారేస్తున్నవా అమ్మా?" అన్నాడు డాక్టరు, ఆమె మొహం కూడా చూడకుండా.

"ఒక్కటి గూడ ఇడువలే సారూ."

నర్సు గీత ఒక్కతే అడిగింది. "దేంతోని మింగుతున్నవ్?"

"చాయ్‌తోని. మావోడు సదువుకున్నోడు, చాయ్ మంచిదన్నడు."

నర్సు నా వైపు చూసింది. టీతో మింగితే ఇనుము ఒంటికి పట్టదనీ, గోళీకి గంట ముందూ గంట వెనకా టీ ముట్టొద్దనీ చెప్పింది. జన్యువుల దాకా వెళ్లినవాణ్ని, గోళీ ఎట్లా మింగుతున్నావని అడగలేకపోయాను.

బస్సులో పెద్దమ్మే మొదలుపెట్టింది.

"మూతి గట్ల వెట్టినవేందిరా? నువ్వేమన్న ఇషం పోసినవా? సదివింది చెప్పినవ్."

"సగమే చెప్పిన పెద్దమ్మా. మంచిదో కాదో వాళ్లకే ఇంక తెల్వదట."



"ముందే చెప్తే ఒక్క గిలాసే తాగుదు గద" అంది.

ఆ రోజు నుంచి నీళ్ల సీసా పట్టుకెళ్లింది. నాలుగు వారాలకు రక్తం ఏడున్నర అయింది. ఆ రక్తపరీక్ష కాగితం చదవడం రాకపోయినా గుంపులో అందరికీ చూపించింది. తర్వాత పది రోజులకు, నడిగూడెం దగ్గర కలుపు తీస్తుండగా రక్తస్రావం మొదలై ఆగలేదు. ఆటోలో కోదాడకు తీసుకెళ్లారు. కోదాడ చేరకముందే పోయింది.

నాలుగు వారాలకు రెండు పెరిగింది. ఆ లెక్కన జూన్ నుంచీ నీళ్లతో మింగి ఉంటే ఆగస్టులోనే పది వచ్చేది. ఈ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు మా అమ్మ అడిగింది. "అక్కకు రక్తం వెరుగుతున్నదన్నరు గదరా, మరెట్ల పోయింది?"

"పది కాలేదమ్మా" అన్నాను.